తొమ్మిది వంకాయ మొక్కలు

"మీరు కష్టపడినట్టు రుజువేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు సూపరింటెండెంట్ బసవలింగం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి చూస్తూ.

ముప్పై రెండేళ్ల జీవితంలో సోడె జానకిని చాలామంది చాలా రుజువులు అడిగారు. ఎవరి పిల్లవని అడిగారు, ఏ ఊరని అడిగారు, ఇంత అన్నం ఎవరికోసం వండారని అడిగారు. కష్టపడినందుకు రుజువు అడిగినవాడు మాత్రం ఇతనే మొదటివాడు.

"పుస్తకమంతా అదే కదండీ," అంది.

"పుస్తకం రుజువెలా అవుతుందమ్మా? రుజువు కావాల్సిందే పుస్తకానికి," అంటూ ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకు తోశాడు. దాని నెత్తిన 'నమూనా ఏడు: కష్టముల ధ్రువీకరణ పత్రము' అని అచ్చయి ఉంది. కింద గళ్లు. కష్టము పేరు. కష్టము మొదలైన తేదీ. ముగిసిన తేదీ. కష్టపడుచుండగా స్వయముగా చూచిన గెజిటెడ్ అధికారి సంతకము, గుండ్రని సీలు.

ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. నాలుగేళ్ల కింద ఒక పెద్దమనిషి తన జీవితచరిత్రలో రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడిచి బడికి వెళ్లానని రాసుకున్నాడు. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం బళ్ల లైబ్రరీలన్నిటికీ పంపింది. పిల్లలు చదివి కళ్లు తుడుచుకున్నారు. తీరా ఆయన ఊరివాళ్లు చెప్పిందేమిటంటే, బడి ఆయన ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది, మధ్యలో ఒక మురుగు కాలువ తప్ప ఏమీ లేదు. పేపర్లు ఏకిపారేశాయి. దాంతో ప్రభుత్వం మేలుకుని, ఇకమీదట బళ్లకు వెళ్లే ఏ పుస్తకంలోనైనా రచయిత పడ్డ కష్టాలు ప్రభుత్వ రికార్డులతో సరిపోలితేనే చెల్లుతాయని ఉత్తర్వు వేసింది. ఆ ఉత్తర్వు వచ్చినప్పటినుంచి రాష్ట్రంలో పుస్తకాల్లోని కష్టాలు బాగా తగ్గుముఖం పట్టాయి. ఆకలి దాదాపు కనుమరుగైంది. ఒక కవి తన వేదనకు ఎవరి చేతా సంతకం పెట్టించుకోలేక దాన్ని ఆనందంగా మార్చుకున్నాడని చెప్పుకుంటారు.

జానకిది బొమ్మల నవల. పేరు 'బడి బయట ఏడేళ్లు'. నూట ఇరవై పుటలు, అన్నీ బొగ్గుతో గీసినవి, బొమ్మల పక్కన అక్కడక్కడా రెండు మూడు మాటలు. ఆమెకు ఎనిమిదేళ్లున్నప్పుడు వాళ్ల ఊరు ఇప్పలగట్టు బడిలోకి సాయుధ బలగాలు వచ్చి దిగాయి. అడవిలో ఉన్నవాళ్లను పట్టుకోవడానికి రెండు వారాలు ఉంటామన్నారు. ఏడేళ్లు ఉన్నారు. బడి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు, ముళ్లకంచె వేశారు, పలకలు, మ్యాపులు, నల్లబల్ల అన్నీ లోపలే ఉండిపోయాయి. పిల్లలకు అడవిలో ఉన్నవాళ్లు 'అడవోళ్లు', బడిలో ఉన్నవాళ్లు 'బడోళ్లు'. ఇద్దరూ అడిగే ప్రశ్న ఒకటే, అవతలివాళ్లకు మంచినీళ్లు ఎందుకిచ్చారని. ముత్తయ్య సారు మాత్రం పిల్లలను ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి, చాట వెనకవైపు బొగ్గుతో రాసి, ఏడేళ్లపాటు పాఠం చెప్పాడు. జానకికి బొగ్గు పట్టుకోవడం అలా వచ్చింది.

ఆ పుస్తకం ఎక్కడో పట్నంలో అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు. జానకికి కావాల్సింది అది కాదు. ఇప్పలగట్టు బడి లైబ్రరీ బీరువాలో ఒక్క కాపీ ఉండాలి. ఎందుకంటే పోయిన ఏడు ముత్తయ్య సారు ఫోన్ చేసి, "పోరగాండ్లు నమ్ముతలేరమ్మా," అన్నాడు. "మన బడిల తుపాకులు పెట్టుకొని ఉన్నరు, నేను చెట్టుకింద చదువు చెప్పిన అంటే నవ్వుతున్రు. తాతకు మతి తప్పింది అంటున్రు. నువ్వు బొమ్మలేసినవంటగా, అది బడిల ఉంటే చూత్తరు గదా." డెబ్బై ఏళ్ల మనిషి, అంత చిన్న గొంతుతో ఆయన ఏనాడూ మాట్లాడలేదు. ఆ గొంతు విన్నాక జానకి నిద్రపోలేకపోయింది. సర్కారు ముద్ర వేయని పుస్తకాన్ని బడి బీరువాలో పెడితే ఇప్పటి పంతులు ఉద్యోగం పోతుందన్నారు కాబట్టి, సర్కారు ముద్ర కోసం జిల్లా ఆఫీసుకు వచ్చింది.

బసవలింగం చెడ్డవాడు కాడు. మర్నాడు రమ్మన్నాడు, మర్నాడు నిజంగానే ఉన్నాడు, పైగా రికార్డులు కూడా వెతికించి పెట్టాడు. బల్లమీద ఏడు కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి.

"ఇవి మీ బడి తనిఖీ నివేదికలమ్మా. మీరన్న ఏడు సంవత్సరాలవే. చదువుకోండి."

జానకి మొదటిది చదివింది. 'ఈ దినమున ఇప్పలగట్టు ప్రాథమిక పాఠశాలను ఆకస్మికముగా తనిఖీ చేయనైనది. భవనము పటిష్ఠముగా ఉన్నది. విద్యార్థులు నలభై రెండు మంది హాజరై ప్రార్థనాగీతమును శ్రావ్యముగా ఆలపించిరి. పెరటి తోట యందు వంకాయ మొక్కలు తొమ్మిది ఏపుగా పెరుగుచున్నవి.' రెండోది తీసింది. నలభై రెండు మంది శ్రావ్యంగా ఆలపించారు, వంకాయ మొక్కలు తొమ్మిది. మూడోదీ అంతే. ఏడో ఏడు కూడా అదే నలభై రెండు మంది అంతే శ్రావ్యంగా పాడారు, అవే తొమ్మిది మొక్కలు ఇంకా ఏపుగానే పెరుగుతున్నాయి.

"ఏడేళ్లు ఒకే తొమ్మిది మొక్కలా సార్?"

"ప్రభుత్వ మొక్కలమ్మా. సంరక్షణ ఉంటుంది," అన్నాడు బసవలింగం. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. "మీ పుస్తకంలో బడి చుట్టూ ఇసుక బస్తాలున్నాయట. రికార్డులో బస్తాల ప్రస్తావనే లేదు. మీరు ఏదో చిన్నతనంలో వంకాయలను చూసి బస్తాలనుకుని ఉంటారు."

"తనిఖీకి ఎవరూ రాలేదండీ. రోడ్డు మీద మందుపాతరలు ఉంటాయని అప్పట్లో మా ఊరికి పోస్టు కూడా వచ్చేది కాదు."

"రాకపోతే ఎలా రాస్తారమ్మా?"

ఈ ప్రశ్నకు జానకి దగ్గర జవాబుంది. చెబితే పని చెడుతుందని ఊరుకుంది. దానికి బదులు, ఊళ్లో క్యాంపు ఉండేదో లేదో బలగాలను పంపిన శాఖవాళ్లనే అడగమంది. బసవలింగం అడిగాడు కూడా. నెలా పదిరోజులకు జవాబు వచ్చింది. 'భద్రతా కారణముల రీత్యా సదరు ప్రదేశమున క్యాంపు ఉన్నదీ లేనిదీ తెలియజేయజాలము.' బసవలింగం దాన్ని జాగ్రత్తగా రెండుసార్లు చదివి, "ఉన్నదని అనలేదు చూశారా," అన్నాడు.

చివరికి ఆయనే ఒక దారి చూపించాడు. గొంతు తగ్గించి, ఇంటి మనిషికి చెప్పినట్టు చెప్పాడు. "నామాట వినండమ్మా. నలభై ఒకటో పుటలో పెద్ద బొమ్మ ఒకటి ఉందటగా, బస్తాలది. ఆ బస్తాలు తీసేసి తొమ్మిది వంకాయ మొక్కలు వేయండి. రికార్డుతో సరిపోతుంది. రేపు మధ్యాహ్నానికల్లా ముద్ర వేయించేస్తాను. మీ సారు సంతోషిస్తారు, పిల్లలూ చదువుకుంటారు. మొక్కలంటే పిల్లలకు మంచిది కూడాను."

ఆ సాయంత్రం లాడ్జి గదిలో జానకి నలభై ఒకటో పుట ముందు పెట్టుకుని కూర్చుంది. సిగ్గుపడాల్సిన పనే అయినా దాచడమెందుకు, ఆమె బొగ్గు పట్టుకుని ఒక వంకాయ మొక్క గీసింది. బాగానే వచ్చింది. రెండోది మొదలుపెట్టేసరికి ఆ బస్తాల వెనక గీసిన జవాను కనిపించాడు. తెలుగు రాని కుర్రాడు. ఒక రోజు ఎవరూ చూడకుండా కంచె సందులోంచి ఆమె పలకను ఆమెకు ఇచ్చేశాడు. అది ఆ ఏడేళ్లలో బడి లోపలినుంచి బయటికి వచ్చిన ఒకే ఒక్క పలక. బస్తాలు తీసేస్తే అతను ఎక్కడ నిలబడతాడు? వంకాయ మొక్క చాటున తుపాకీ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. ఆమె గీసిన మొక్కను తుడిచేసి, మర్నాడు పై అధికారులకు అప్పీలు పెట్టుకుంది.

అప్పీలు వచ్చిందంటే కమిటీ పడాల్సిందే. పడింది. దాని పేరు 'పాఠశాల గ్రంథాలయ పుస్తకములలోని కష్టముల వాస్తవ నిర్ధారణ ఉన్నత స్థాయి సంఘము'. అధ్యక్షుడు విశ్రాంత సంయుక్త సంచాలకులు తాడికొండ దక్షిణామూర్తి గారు; సంఘం ఉన్నన్నాళ్లూ ఆయనకు గెజిటెడ్ హోదా ఉంటుంది. ఆయన ఇప్పటికి పదకొండు కమిటీలకు అధ్యక్షత వహించారు. అందులో తొమ్మిదింటి నివేదికలు ఇంకా రావాల్సి ఉన్నాయి. కాబట్టి ఆయనకు తొందరపాటు లేదని అందరూ ఒప్పుకుంటారు.

మొదటి సమావేశానికి జానకిని పిలిచి, గుమ్మం దగ్గర ఒక స్టూలు వేసి కూర్చోబెట్టారు. దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ సంఘము ముందున్న ప్రశ్న చాలా సూక్ష్మమైనది. అభ్యర్థిని గారి బాల్యము ఒక వైపు. ప్రభుత్వ రికార్డు ఒక వైపు. రెండూ ఒకే సమయమున ఒకే స్థలమున జరుగజాలవు. కావున ఏది జరిగినదో మనము ఎట్టి పక్షపాతమూ లేక, రికార్డును అనుసరించి, నిర్ధారించవలసి ఉన్నది."

వంకాయల సంగతి తేల్చడానికి వ్యవసాయ శాఖ నుంచి ఒక అధికారిని రప్పించారు. మామూలు వంగ మొక్క ఏడాదికి మించి కాపు కాయదని ఆయన చెప్పబోయాడు. ఏడేళ్లు ఉండే అవకాశం బొత్తిగా లేదని లిఖితపూర్వకంగా ఇవ్వగలరా అని అధ్యక్షుడు అడిగేసరికి ఆయన గుటకలు మింగి, "అవకాశం లేకపోలేదు," అన్నాడు. అది నమోదు చేశారు.

"సార్, ఒక్కసారి పుస్తకం తెరిచి చూడండి," అంది జానకి స్టూలు మీదినుంచి.

దక్షిణామూర్తి గారు నొచ్చుకున్నారు. "అమ్మాయీ, పుస్తకము చూచినచో మా మనసు పుస్తకము వైపు మొగ్గును. నిర్ధారణ పూర్తియగు వరకు చూడము. పుస్తకముపై ఫైలు ఉన్నది, అది చూచుచున్నాము."

ఫైలు అప్పటికే పుస్తకానికి మూడింతలు లావుంది. సభ్యులందరూ దాన్ని గౌరవంగా తిరగేశారు. టీలు, జీడిపప్పు బిస్కెట్లు అయ్యాక, స్థల పరిశీలన చేయకుండా తేల్చడం భావ్యం కాదని, మూడు రోజులపాటు సంఘమే ఇప్పలగట్టు వెళ్లి రావాలని తీర్మానం చేశారు. జానకికి ప్రాణం లేచి వచ్చింది. ఊరు కళ్లారా చూస్తే ఎవరైనా నమ్ముతారు కదా. ఇప్పచెట్టు కాండానికి చాట తగిలించిన మేకు ఇంకా ఉంది, బడి గోడలకు ఇసుక బస్తాల వరసల మరక సున్నం వేసినా పోలేదు.

ముత్తయ్య సారుకు ఫోన్ చేసి చెబితే ఆయన పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. వంకాయల గొడవ విని, "తొమ్మిది మొక్కలే గదా, పోరగాండ్లతో పెట్టిత్త," అన్నాడు. "పెద్దోళ్లు వత్తున్రు, ఆళ్లకు కావాల్సింది కనబడితే మన మాట గూడ ఇంటరు." చెప్పినట్టే బడి పెరట్లో తొమ్మిది వంగ మొక్కలు నాటించాడు. కమిటీ బయల్దేరేసరికి నాలుగు నెలలు పట్టింది కాబట్టి మొక్కలు కాపుకు వచ్చాయి. ఏపుగా కూడా పెరిగాయి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఉన్నత స్థాయి సంఘం ఎక్కడ పడితే అక్కడ దిగకూడదు. పక్కా భవనం ఉండాలి, ఫ్యాన్లు ఉండాలి, కాలకృత్యాలకు వసతి ఉండాలి. ఇప్పలగట్టులో అవన్నీ ఉన్న భవనం ఒక్కటే. మూడు రోజులే కదా అని బడికి సెలవిచ్చి, బెంచీలు బయట వేయించి, కమిటీ బడిలో దిగింది.

మూడు రోజుల్లో మొదటి రోజు దిగడానికే సరిపోయింది. రెండో రోజు విశ్రాంతి. మూడో రోజు విచారణ మొదలుపెట్టి, బడి సక్రమంగా నడుస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి విద్యార్థులను పిలిపించబోతే, బడికి సెలవు కాబట్టి విద్యార్థులెవరూ లేరు. విద్యార్థులు వచ్చేవరకు గడువు పొడిగించాలని సంఘం పైకి రాసింది. సంఘం ఖాళీ చేసేవరకు బడి తెరవడం కుదరదని మండలం వాళ్లు రాశారు. రెండు ఉత్తరాలూ ఒకే టపాలో వెళ్లాయి. గడువు పదిహేను రోజులు, ఆపైన నెల, ఆపైన 'తదుపరి ఉత్తర్వుల వరకు' పెరిగింది. బడి పంతులును విచారణ సమన్వయకర్తగా వేసుకున్నారు, అంటే ఆయన సంఘానికి టీలు అందుతున్నాయో లేదో చూస్తాడు. అడవి దగ్గర కాబట్టి అధ్యక్షుల వారి భద్రత కోసం ఇద్దరు సాయుధ పోలీసులు వచ్చారు. రాత్రిళ్లు అడవిపందులు వస్తున్నాయని చుట్టూ ముళ్లకంచె వేశారు. మొన్నటి వరదకు తెప్పించి మండల ఆఫీసులో మిగిలిపోయిన ఇసుక బస్తాలు ఊరికే పడి ఉన్నాయని, వాటిని తెచ్చి గేటు దగ్గర పేర్చారు.

ముత్తయ్య సారు ఫోన్ చేశాడు. ముందు ఆయన దగ్గడం వినిపించింది.

"ఒకపారి రారాదమ్మా," అన్నాడు చివరికి.

జానకి సంచిలో ఆరు కాపీలు వేసుకుని బస్సు దిగేసరికి పొద్దున పదకొండు దాటింది. బడి గేటు దగ్గర బస్తాల వెనకనుంచి ఒక పోలీసు, "ఏయ్, ఎవరది? లోపలికి పోవద్దు," అన్నాడు. ఇరవై నాలుగేళ్ల కింద సరిగ్గా అదే చోట అదే మాట విన్నది. ఎనిమిదేళ్ల పిల్లకు వేసిన భయమే మళ్లీ వేసింది, తనమీద తనకే కోపమొచ్చింది. అధ్యక్షుల వారిని కలవాలని, తానే ఆ కష్టాల మనిషినని చెప్పుకుంటే లోపలికి వదిలారు.

వరండాలో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తాడు కట్టి ఉంది. దానిమీద బనియన్లు, చారల లుంగీలు, అధ్యక్షుల వారి కండువా ఆరుతున్నాయి. గోడవారగా మంచాలు. లైబ్రరీ గదికి గొలుసు వేసి తాళం వేశారు, లోపల ఫైళ్లు ఉన్నాయట. పెరట్లో తొమ్మిది వంగ మొక్కలున్నచోట గాడిపొయ్యి తవ్వారు. గుత్తివంకాయ చాలా బాగా కుదిరిందని బసవలింగమే చెప్పాడు. ఆయన సంఘానికి కార్యదర్శి, మూడు నెలల్లో కాస్త ఒళ్లు చేశాడు.

దక్షిణామూర్తి గారు పడక కుర్చీలో ఉన్నారు. "రామ్మా. మధ్యంతర నివేదిక సిద్ధమైనది," అని బసవలింగానికి సైగ చేశారు. ఆయన చదివాడు.

"'సంఘము స్వయముగా పరిశీలించగా సదరు పెరటియందు వంకాయ మొక్కలు కానరాలేదు. రికార్డు తప్పు అనుటకు వీలులేదు గనుక, స్థలము తప్పు అయి ఉండునని సంఘము అభిప్రాయపడుచున్నది. అసలు ఇప్పలగట్టు ఎచ్చట ఉన్నదో కనుగొనుటకు మరొక ఆరు మాసముల గడువు కోరనైనది.'"

జానకి సంచిలోంచి ఒక కాపీ తీసి, నలభై ఒకటో పుట తెరిచి, పడక కుర్చీ చేతిమీద పెట్టింది. పదమూడు నెలల్లో మొదటిసారి అధ్యక్షుల వారి చూపు పుస్తకం మీద పడింది. పడ్డాక తిప్పుకోలేకపోయారు.

పుటంతా ఒకే బొమ్మ. బడి వరండా. స్తంభాల మధ్య తాడు, తాడు మీద బనియన్లు. గోడవారగా మంచాలు. గదికి గొలుసు, తాళం. పెరట్లో మొక్కలు పీకి తవ్విన పొయ్యి. బడి గంటను, అదే వేలాడదీసిన రైలుపట్టా ముక్కను, భోజనానికి కొడుతున్న వంటమనిషి. గేటు దగ్గర బస్తాలు, వాటి వెనక తుపాకీతో జవాను. కంచె అవతల ఇప్పచెట్టు కింద పిల్లలు, గంట విని తలెత్తి చూస్తూ.

దక్షిణామూర్తి గారి ముఖం ఎర్రబడింది. పుస్తకం నుంచి తాడు వైపు చూశారు, తాడు నుంచి పుస్తకం వైపు చూశారు.

"ఏమిటిది? ఇది ఎవరు బయటపెట్టినారు? సంఘము బసను అనుమతి లేక చిత్రించుటయా! లింగం, ఆ బనియను నాది కాదూ?"

బసవలింగం వంగి చూసి, "తమదేనండీ, చిరుగు కూడా ఉంది," అన్నాడు.

"రాయి నోటీసు!"

అక్కడికక్కడే రాయించారు. సంఘం ముద్ర ఉన్న కాగితం మీద బసవలింగం గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'సోడె జానకి అను రచయిత్రి తన పుస్తకము నలభై ఒకటవ పుటలో ఇప్పలగట్టు పాఠశాల భవనమును అన్యులు ఆక్రమించి నివసించుటను, విద్యార్థులు బయట కూర్చొనుటను యథాతథముగా, ఎట్టి మార్పూ లేక చిత్రించినందున, తగు చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.'

జానకి దాన్ని నింపాదిగా చదివింది.

"ఇలా నిజంగా జరిగినట్టేనా సార్?"

"నిజము కానిచో నోటీసు ఎందులకు ఇత్తుము?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"తమరు స్వయంగా చూశారు కదా?"

"చూచుటేమిటి, మూడు మాసములుగా ఇచ్చటనే ఉన్నాను!"

"అయితే కింద తమ సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేయండి సార్. లేకపోతే నోటీసు చెల్లదంటారు."

ఆయన పెద్ద సంతకం పెట్టారు. సీలు కూడా తనే వేశారు, రెండుసార్లు. జానకి ఆ కాగితాన్ని, సంతకం ఒక్కటే మిగిలిన నమూనా ఏడు వెనక పెట్టి పిన్ను కొట్టి, బసవలింగం చేతికిచ్చింది. ఆయన పుటలు తిప్పి చూశాడు. కష్టము పేరు, తేదీలు, స్వయముగా చూచిన అధికారి సంతకము, గుండ్రని సీలు. గళ్లన్నీ నిండాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఇన్నేళ్ల అలవాటు చొప్పున రబ్బరు స్టాంపు తీసి పుస్తకం మొదటి పుట మీద 'బడి లైబ్రరీకి ఆమోదించనైనది' అని గుద్దేశాడు. దరఖాస్తు సక్రమంగా ఉంటే గుద్దకుండా ఉండడం ఆయన చేతకాదు.

"బీరువాలో పెట్టుకోవచ్చాండీ?"

"నిరభ్యంతరంగా. గది తాళం తీసినప్పుడు," అన్నాడు బసవలింగం.

తాళం ఎప్పుడు తీస్తారని ఆమె అడగలేదు. పుస్తకాలు పట్టుకుని కంచె దాటి బయటికి వచ్చింది.

ఇప్పచెట్టు కింద పాతికమంది పిల్లలున్నారు. మధ్యలో ముత్తయ్య సారు. మేకుకు చాట తగిలించి ఉంది, దాని వెనకవైపు బొగ్గుతో ఎక్కం రాసి ఉంది. ఆమెను చూసి లేవబోయి, మోకాళ్లు సహకరించక మళ్లీ కూర్చున్నాడు. ఆమె పుస్తకాలు పిల్లల చేతుల్లో పెట్టింది. నలుగురు నలుగురు చొప్పున మీదపడి పుటలు తిప్పారు. నలభై ఒకటో పుట దగ్గర అందరూ ఆగారు. ఎవరూ నవ్వలేదు.

"అక్కా," అంది ముందు వరసలో ఉన్న లచ్చి అనే పిల్ల, "మమ్మల్ని ఎప్పుడు గీసినవ్? మేం చూడనే లేదు."

"మీరు కాదు, అది..." అనబోయింది జానకి.

"మేమే. ఇగో, ఇది నేనే. ఒక్క జడకే రిబ్బను." లచ్చి వేలు పెట్టి చూపించింది. ఆ బొమ్మలో పిల్ల జానకి. రెండో రిబ్బను కంచెకు తగులుకుని లోపలివైపు ఉండిపోయింది. లచ్చిది ఎక్కడ పోయిందో జానకి అడగలేకపోయింది.

ముత్తయ్య సారు చాటమీద ఎక్కం తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఇగ నమ్ముతున్రులేమ్మా. తాతకు మతి తప్పిందని ఎవ్వరు అంటలేరు."

పదమూడు నెలలు తిరిగింది దీనికోసమే. గుండ్రటి సీలు దొరికింది, పిల్లల నమ్మకమూ దొరికింది. వాళ్లు జన్మలో నమ్మకపోయినా బాగుండేది. తాతను చూసి నవ్వుతూ, ఆ గదుల్లో, ఆ ఫ్యాన్ల కింద, ఆ తొమ్మిది మొక్కలకు నీళ్లు పోసుకుంటూ ఉంటే ఎంత బాగుండేది.

అప్పుడు బడి వరండాలో గంట మోగింది. కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు నలుగురు చటుక్కున లేచి సంచులు సర్దుకోబోయారు.

"కూసోండ్రి," అంది లచ్చి, పుస్తకంలోంచి తలెత్తకుండా. "అది మన గంట గాదు."